మంచం మీద త్రో: కొత్తవాడ జంపఖానా, గొంగడి, బొంత, ఫ్లీస్‌లల్ల ఏది కొనాలె, ఎట్ల వెయ్యాలె

నమస్తే అండీ. ఈ వీడియోల మంచం కాళ్ల దిక్కు వేసే త్రోల గురించి, అంటే అందం కోసం పరుపు మీద అడ్డంగ పరిచే చిన్న దుప్పట్ల గురించి మాట్లాడుకుందాం. టేబుల్ మీద నాలుగు రకాలు పెట్టినం: వరంగల్ కొత్తవాడ జంపఖానా, నల్ల గొంగడి, పాత చీరల బొంత, ఆన్‌లైన్‌ల దొరికే ఫ్లీస్ (మెత్తటి పాలిస్టర్ నూగు బట్ట) త్రో. రంగుల ముచ్చట తర్వాత, ముందు టేపు తీయండి.

ఆన్‌లైన్‌ల త్రో అని అమ్మేది ఎక్కువగా 50 బై 60 ఇంచులు ఉంటది. అది సోఫా కోసం చేసిన సైజు. మన క్వీన్ మంచం వెడల్పు 60 ఇంచులు, కింగ్‌ది 72. స్క్రీన్ మీద చూడండి, క్వీన్ మీద అడ్డంగ వేస్తే సరిగ్గ అంచు కాడికి వచ్చి ఆగింది, ఒక్క ఇంచు కూడా కిందికి దిగలే. కింగ్ మీదైతే రెండు దిక్కుల ఆరేసి ఇంచులు పరుపే కనపడుతున్నది. ఎంత ఖరీదుదైనా ఇట్ల వేస్తే ఎక్కడిదో తెచ్చి అతికించినట్టే ఉంటది.

లెక్క సులువే. మంచం వెడల్పుకు పరుపు మందం రెండుసార్లు కలపండి. 8 ఇంచుల పరుపుంటే క్వీన్‌కు 76, కింగ్‌కు 88 ఇంచులు కావాలె. ఒకటి రెండు ఇంచులు తగ్గితే ఫరవాలేదు, పది తగ్గితే మాత్రం కొనకండి. మన దిక్కు టేకు మంచాలల్ల చానా వరకు పరుపు చెక్క పట్టీల లోపలికి దిగి ఉంటది. అట్లాంటప్పుడు పట్టీకి పైన కనపడే పరుపు ఎత్తు మాత్రమే లెక్కల పట్టండి, మిగిలిన అంచును పట్టీకి పరుపుకు నడుమ దోపండి. కాళ్ల దిక్కు ఎత్తు చెక్క ఉన్నా గంతే, నాలుగు ఇంచులు లోపలికి దోపితే చాలు.

ఇగ జంపఖానా. వరంగల్ దర్రీలకు, అంటే ఈ జంపఖానాలకే, 2018ల జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకు అని చెప్పే ముద్ర) వచ్చింది. మన ఇండ్లల్ల ఇది కింద పరుచుకునేది, పెండ్లిళ్లల్ల చుట్టాలు కూసునేది. మంచం మీద వెయ్యాలని చానామందికి తట్టదు గానీ, ఈ నాలుగిట్ల మంచానికి బాగా కుదిరేది ఇదే. నూలుది కాబట్టి ఎండకాలంల ఒంటికి తగిలినా చిరాకుండదు. బరువుంటది కాబట్టి ఫ్యాను ఐదుల పెట్టినా అంచు లేవదు. ఫ్లీస్ పక్కనే వేసి చూపిస్తున్నం, ఫ్యాను గాలికి దాని మూల ఎట్ల మడత పడుతున్నదో చూడండి.

దీంట్ల మామూలుగ దొరికే సైజు మూడడుగులకు ఆరడుగులు. క్వీన్ మీద అడ్డంగ వేస్తే రెండు దిక్కుల ఆరేసి ఇంచులు దిగుతది, చానా మంచిగుంటది. కింగ్‌కు ఆరడుగులది చాలదు, ఏడున్నర అడుగులది కావాలె. వేసేటప్పుడు కాళ్ల అంచు నుంచి 8 ఇంచులు వదిలి మొదలుపెట్టండి. పల్చటి నేత అయితే నడిమికి మడిచి 18 ఇంచుల పట్టీ లెక్క వెయ్యొచ్చు. మందం నేతను మాత్రం మడవకండి. మడిచిన కాడ గట్టు లేస్తది, పడుకున్నోళ్ల పిక్కలకు ఒత్తుకుంటది, పొద్దుగాల్ల వరకు అది నేల మీదుంటది. మందందాన్ని ఒకే పొరగ, పూర్తి మూడడుగులు పరవండి. కుచ్చులు రెండు పక్కలకు వేలాడాలె, కాళ్ల దిక్కుకు రావొద్దు.

కింద దుప్పటి సాదాది ఉండాలె. చారల జంపఖానా కింద పెద్ద పూల దుప్పటి వేస్తే రెండూ పాడైతయి. జంపఖానాల అన్నిటికన్న సన్నగ ఉన్న చార ఏ రంగుదో చూసి, మెత్తల గలీబులు ఆ రంగుల తీసుకోండి. మెరిసే శాటిన్ దుప్పటి మీద ఇది జారుతది, నూలు దుప్పటి మీద నిలుస్తది.

కొనేటప్పుడు రంగు పరీక్ష తప్పక చెయ్యండి. తెల్ల గుడ్డను తడిపి, ముదురు రంగు మీద, ముఖ్యంగ ఎరుపు, నీలం మీద పది సార్లు గట్టిగ రుద్దండి. గుడ్డకు లేత ఛాయ అంటితే ఒకటి రెండు ఉతుకులల్ల పోవచ్చు. చిక్కటి రంగు దిగితే అక్కడే వదిలెయ్యండి, లేకుంటే మీ తెల్ల దుప్పటికి అంటుతది. ఉప్పు నీళ్లల్ల నానబెడితే రంగు ఆగుతదని అందరు చెప్తరు, ఇంట్ల అట్ల చేస్తే రంగు కట్టుపడదు. ఇంకోటి, నేతల వచ్చిన చారలు రెండు దిక్కుల ఒక్క తీరుగ కనపడతయి, తిప్పి వేసుకోవచ్చు. అద్దకం డిజైన్ ఒక్క దిక్కే ఉంటది, వెనక వెలిసినట్టు కనపడతది.

ఉతికేటప్పుడు రాత్రంతా నానబెట్టొద్దు. చల్లటి నీళ్లల్ల, వేరేగ ఉతకండి, పిండొద్దు. తడిసిన జంపఖానా చానా బరువైతది, చిన్న మిషన్‌ల వేస్తే డ్రమ్ము మీద భారం పడతది. ఒక్క దండెం మీద ఆరేస్తే నడుమ గీత పడి ఆడికాడికి సాగుతది. రెండు దండేలు దగ్గర దగ్గర కట్టి, వాటి మీద పరిచినట్టు, నీడల ఆరెయ్యండి.

గొంగడి అందం వేరు. రంగు వెయ్యని నల్ల ఉన్ని, తెల్ల దుప్పటి మీద పడ్డదంటే కండ్లు తిప్పుకోలేం. ఇంట్ల ఉన్నయన్నీ పూల దుప్పట్లే అయితే వాటి మీద కుదిరేది కూడా ఇదే. కాకపోతే గరుకు. దక్కని గొర్రె ఉన్ని ముతకది, పైగా చింతగింజల గంజి పట్టిస్తరు, అందుకే కొత్తల బిరుసుగ, వాసనగ ఉంటది. రెండు రోజులు ఎండల వేసి, దులిపి వాడండి. చర్మానికి తగలకుండ కాళ్ల దిక్కు, మూడు మడతలు పెట్టి వెయ్యండి. వేడి నీళ్లు, మిషన్ రెండూ వద్దు, ఉన్ని ముడుచుకుపోయి చిన్నగైతది. పెట్టెల పెట్టే ముందు ఎండ తగలాలె, లేకుంటే పురుగు కొడతది.

బొంత కుట్టించుకునేటోళ్లకు ఒక్కటే మాట: నూలు చీరలు, పాలిస్టర్ చీరలు కలపకండి. ఉతికితే నూలు ముడుచుకుంటది, పాలిస్టర్ ముడుచుకోదు, బొంతంతా ముడతలు పడతది. అన్నీ నూలువే తీసుకొని, ఉతికి ఆరినంకనే పొరలు వెయ్యండి.

ఫ్లీస్ చలికాలానికే. ఆదిలాబాద్ దిక్కు చలికి కప్పుకోనీకి మంచిగ పనికొస్తది, అలంకారానికి మాత్రం దుమ్ము, వెంట్రుకలు పట్టుకుంటది. తువ్వాళ్లతోని కలిపి ఉతికితే వాటి నూగంతా దీనికే అంటుతది. ఇప్పటికే 50 బై 60ది కొన్నోళ్లు దాన్ని నిలువుగ మూడు మడతలు పెట్టి, 17 ఇంచుల పట్టీ చేసి, మంచానికి ఒక పక్కన పొడుగుల పరవండి. కాళ్ల దిక్కు ఒక అడుగు కిందికి వదలండి. అట్లయితే పొట్టి అని తెల్వదు.

కొత్తవాడల చెప్పి నేయించుకునేటోళ్లు ఇవి రాసుకొని పోండి. వెడల్పు మగ్గాన్ని బట్టి ఉంటది, పొడుగు మీరు చెప్పినంత నేస్తరు. ఆ పొడుగు కుచ్చులతో కలిపా, కుచ్చులు కాకనా అన్నది ముందే తేల్చుకోండి, అక్కడనే ఆరు ఏడు ఇంచులు తేడా రావొచ్చు. మంచం మీదికి అని చెప్పి పల్చటి నేత అడగండి, చెప్పకుంటే నేల మీద పరిచే మందంల నేస్తరు. రంగుకు ఫోన్‌ల ఫొటో చూపించకండి, మీ గలీబు గుడ్డ ముక్క తీసుకపోండి.