పిల్లికి పండు ముక్క పెట్టవచ్చా?

శ్రోతలకు నమస్కారం.

చెన్నైలో ఎండలు ముదిరాయి. ఏ రోడ్డు చూసినా పుచ్చకాయల కుప్పలే. ఇంట్లో పండు కోస్తుంటే పిల్లి వచ్చి పక్కన చేరుతుంది. మా పిల్లి అయితే కర్బూజా వాసనకే మంచం కింద నుంచి లేచి వస్తుంది. దానికి పెట్టకుండా తినడానికి మనసొప్పదు కదండీ!

అయితే అది తీపి కోసం రాదు. పిల్లి నాలుకకు తీపి తెలియదు. తీపిని గుర్తించే జన్యువుల్లో ఒకటి పిల్లుల్లో పనిచేయడం లేదని 2005లో శాస్త్రవేత్తలు తేల్చారు. పులిదీ అదే సంగతి. పిల్లి మాంసం తిని బతికే ప్రాణి. గుండెకు, కళ్లకు దానికి కావలసిన టారిన్ అనే పోషకం మాంసం, చేపల్లోనే దొరుకుతుంది. పండు దానికి భోజనం కాలేదు.

సరదాకి పెట్టాలంటే గింజ తీసిన పుచ్చకాయో, కర్బూజానో, అరటిపండో గోరంత ముక్క చాలు. నాలుగు కిలోల పిల్లికి రోజుకు 200 నుంచి 250 క్యాలరీలు సరిపోతాయి. చిరుతిళ్లన్నీ కలిపి అందులో పదో వంతు దాటకూడదు. షుగరున్న పిల్లికి అసలు వద్దు.

నాకు భయమల్లా ద్రాక్ష, కిస్‌మిస్ గురించే. పోయిన పండక్కి పాయసం గిన్నె కింద పెట్టి ఫోను తీయడానికి వెళ్లాను. వచ్చేసరికి మా పిల్లి మూతి గిన్నెలో ఉంది. "రెండు కిస్‌మిస్‌లకే ఏమవుతుందమ్మా?" అన్నారు పక్కింటి పిన్నిగారు. నేను మాత్రం వణికిపోతూ గిన్నెలో మిగిలినవి లెక్కపెట్టాను. ద్రాక్ష తిని కుక్కల కిడ్నీలు పాడైన సంగతి డాక్టర్లకు బాగా తెలుసు. పిల్లుల్లో అలా జరగడం అరుదే అయినా, వాటికీ పెట్టవద్దనే చెబుతారు. ఎన్ని తింటే ప్రమాదమో ముందుగా చెప్పే లెక్క లేదు. అదృష్టం, మా పిల్లి పాలు మాత్రమే నాకింది.

కమలా తొక్కలో ఉండే నూనె కూడా పిల్లికి పడదు. ఒలిచిన తొక్కలు బల్ల మీద వదలకండి. ఆపిల్ గింజలు, అవకాడో కూడా అందనివ్వకండి.

పొరపాటున ద్రాక్ష తిన్నదా, వాంతి అయ్యేదాకా చూడకండి. ఉప్పునీళ్లు తాగించి కక్కించాలని అసలే ప్రయత్నించకండి. వెంటనే దగ్గరలోని పశువైద్యుడికి ఫోన్ చేయండి. మన వేపేరిలో 1903లో మొదలైన పశువైద్య కళాశాల ఉంది, అక్కడికైనా తీసుకెళ్లండి. ఏం తిన్నదో, ఎన్ని తిన్నదో, ఎన్నింటికి తిన్నదో ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. డాక్టరు ముందు అడిగేది అదే.