మా మానాన మమ్మల్ని వదిలేయండి

అందరికీ నమస్కారం.

పద్నాలుగో లూయీ కాలంలో ఫ్రాన్స్ ఆర్థిక మంత్రి కోల్బేర్ గురించి ఒక కథ చెప్పుకుంటారు. ఆయన వర్తకులను పిలిపించి, "మీకు ప్రభుత్వం ఏం చేయాలి?" అని అడిగాడట. "మా మానాన మమ్మల్ని వదిలేయండి, చాలు" అన్నాడట వాళ్లలో ఒకాయన. ఫ్రెంచ్‌లో 'లెస్సే ఫేర్' అంటే అదే. మార్కెట్‌లో ప్రభుత్వం వేలు పెట్టకూడదనే వాదానికి ఆ మాటే పేరైంది.

ఈ సంగతి పుస్తకాల్లో కన్నా వానలో బాగా అర్థమవుతుంది. జోరుగా వాన పడుతోంది. క్యాబ్ కోసం ఫోన్ తీస్తే చార్జీ రెట్టింపు. మనకు ఒళ్లు మండుతుంది, నాకూ మండుతుంది. కానీ ఆ అంకె చేసే పని చూడండి. అరగంట ఆగగలిగినవాళ్లు ఆగుతారు. ఇక చాలనుకుని ఇంటికి బయల్దేరిన డ్రైవర్ బండి వెనక్కి తిప్పుతాడు. ఎక్కడ వాన పడుతోందో, ఎవరికి తొందరో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. చార్జీ పెంచకూడదని గట్టిగా కట్టడి చేస్తే, తక్కువ చార్జీ ఫోన్లో కనిపిస్తుంది, క్యాబ్ మాత్రం కనిపించదు.

1945లో ఆర్థికవేత్త హాయక్ ఇదే విషయాన్ని తగరం ఉదాహరణతో చెప్పాడు. తగరానికి కొత్త వాడకం పుట్టిందా, ఎక్కడో గని మూతపడిందా అన్నది వాడేవాళ్లకు తెలియనక్కర్లేదు. ధర పెరిగిందని తెలిస్తే చాలు, పొదుపుగా వాడతారు.

అయితే ఆ వానలోనే జ్వరంతో వణికే మనిషి ఉంటాడు. అతనికి తొందరే, జేబులో డబ్బే లేదు. ధర దృష్టిలో అతను, అరగంట ఆగగలిగినవాడు ఒకటే. ఇద్దరూ క్యూలోంచి తప్పుకున్నారు, అంతే. మార్కెట్‌ను మెచ్చుకునేవాళ్లు ఈ చోటికి రాగానే గొంతు తగ్గిస్తారు. తగ్గించకూడదు.

ఇంకో మాట. "వదిలేయండి" అనేది వర్తకులే గానీ, వాళ్లకు నిజమైన పోటీ అంటే ఇష్టమని అనుకోకండి. ఒకే వ్యాపారంలో ఉన్నవాళ్లు సరదాకి కలిసినా సంభాషణ ధరలు పెంచే కుట్రలోకే దిగుతుందని 1776లోనే, మార్కెట్‌ను సమర్థించిన ఆర్థికవేత్త ఆడమ్ స్మిత్ హెచ్చరించాడు. ఆయనే వడ్డీకి చట్టం ఒక హద్దు పెట్టాలన్నాడు కూడా. బ్రిటన్‌లో విదేశీ ధాన్యం చౌకగా రాకుండా 1815లో చట్టం చేయించుకున్నది భూస్వాములు. అది రద్దు కావడానికి 1846 దాకా పట్టింది. తనను వదిలేయమనే ప్రతివాడూ పక్కవాణ్ణి కూడా వదిలేయమంటున్నాడా లేదా అన్నది నేను ముందు చూస్తాను.

మళ్లీ మన క్యాబ్ దగ్గరికే వద్దాం. ఆ రెట్టింపు చార్జీ మీరు పెట్టలేదు, చాలాచోట్ల డ్రైవర్ కూడా పెట్టడు. మధ్యలో ఉన్న కంపెనీ సాఫ్ట్‌వేర్ పెడుతుంది. మరి దాన్ని మార్కెట్ ధర అనొచ్చా? అలాంటి కంపెనీలు నాలుగైదు ఉండి, మీరూ డ్రైవరూ ఒకదాన్నుంచి ఇంకోదానికి ఇట్టే మారగలిగితే అనొచ్చు. ఉన్నది ఒక్కటే అయితే నేను అనను.