అక్కాతమ్ముళ్లు పాడిన ‘డిస్కో దీవానే’

శ్రోతలకు నమస్కారం.

యుగళగీతం అనగానే మనలో చాలామందికి మనసులో మెదిలేవారు ఒక నాయిక, ఒక నాయకుడు. ఆమె ఒక చరణం అందుకుంటే అతడు తరువాతి చరణంలో బదులిస్తాడు, చివరి పల్లవిలో రెండు గొంతులూ ఏకమవుతాయి. రెండు గొంతులు కలిశాయంటే రెండు మనసులు కలిసినట్టేనన్నది దశాబ్దాలుగా సినిమా సంగీతం మనకు చేసిన అలవాటు. అటువంటి చెవులకు 1981లో ఒక కొత్త రికార్డు వచ్చి చేరింది. అందులోనివి చాలావరకు ప్రేమ పాటలే. వాటిని పాడిన ఇద్దరు మాత్రం అక్కాతమ్ముళ్లు, ఇద్దరూ బడి ఈడు పిల్లలే. కరాచీలో పుట్టి లండన్‌లో చదువుకుంటున్న నాజియా హసన్, జోహేబ్ హసన్ కలిసి చేసిన ఆ తొలి ఆల్బమ్ పేరు ‘డిస్కో దీవానే’. డిస్కో అనే పాశ్చాత్య నృత్య సంగీతం మీద పిచ్చి ఉన్నవాళ్లు అని ఆ మాటకు అర్థం.

ఈ రికార్డు ఎలా సాధ్యమయిందో తెలియాలంటే అంతకు ముందు ఏడాది వచ్చిన ‘కుర్బానీ’ అనే హిందీ చిత్రం దగ్గరికి వెళ్లాలి. ఆ చిత్ర నిర్మాత, దర్శకుడు, కథానాయకుడు అయిన ఫిరోజ్ ఖాన్ లండన్‌లో జరిగిన ఒక విందులో నాజియా పాట విన్నారు. ఆ అమ్మాయిని బిడ్డు అనే సంగీత దర్శకుడి దగ్గరికి పంపారు. బిడ్డు అప్పయ్య బెంగళూరులో పుట్టి పెరిగి, 1960ల చివర్లో అదృష్టాన్ని వెతుక్కుంటూ ఇంగ్లండు చేరిన మనిషి. కార్ల్ డగ్లస్ పాడగా ఆయన తయారుచేసిన ‘కుంగ్ ఫూ ఫైటింగ్’ 1974లో బ్రిటన్‌లోనూ, అమెరికాలోనూ అమ్మకాల పట్టికల్లో మొదటి స్థానానికి చేరింది. డిస్కో సంగీతాన్ని బయటినుంచి చూసి అనుకరించినవాడు కాదు ఆయన, అది రూపుదిద్దుకుంటున్న కాలంలో దాన్ని చేసినవారిలో ఒకడు. ‘కుర్బానీ’లోని మిగిలిన పాటలకు కల్యాణ్‌జీ ఆనంద్‌జీలు సంగీతం కూర్చగా, ‘ఆప్ జైసా కోయీ’ అనే ఒక్క పాట బిడ్డు చేతికి వచ్చింది. తెర మీద జీనత్ అమన్ అభినయించిన ఆ పాటకు, పదిహేనేళ్ల వయసులో నాజియా ఫిల్మ్‌ఫేర్ ఉత్తమ నేపథ్య గాయని పురస్కారాన్ని అందుకుంది.

ఆ విజయం తరువాత ఆమెను వరుసగా సినిమాలకు పాడించడమే అందరికీ తోచే దారి. నాజియా, బిడ్డు అలా చేయలేదు. కథ లేని, నాయిక లేని, సన్నివేశం లేని పాటలతో, తమ్ముడిని కూడా కలుపుకుని ఒక పూర్తి రికార్డు చేశారు. ఈ నిర్ణయం ఎంత సాహసమో ఈనాటి శ్రోతలకు వెంటనే తట్టకపోవచ్చు. ఆ కాలంలో సినిమాతో సంబంధం లేని రికార్డులు లేకపోలేదు. భజనలు ఉన్నాయి, గజళ్లు ఉన్నాయి, మన ఆకాశవాణి ఎంతో శ్రద్ధతో పెంచిన లలిత సంగీతం ఉంది. అయితే కుర్రకారు పాట, ఒళ్లు ఊగే పాట, వీధిలో వినిపించే పాట అంటే అది సినిమా పాటే. పాట బతకాలంటే దానికి ఒక తార ముఖం కావాలి, ఒక వెండితెర కావాలి. గాయకుల పేర్లు, గొంతులు ఇంటింటికీ తెలిసినా వాళ్ల ముఖాలు చాలామందికి తెలియవు. ‘డిస్కో దీవానే’లో గొంతు ఎవరిదో ముఖమూ వారిదే. ఆ పాటను ఇష్టపడినవారు నాజియానే ఇష్టపడ్డారు, మధ్యలో మరొక తార లేదు.

ఇక వినికిడి సంగతికి వద్దాం. నాకు ఈ రికార్డులో అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఇక్కడే ఉంది. డిస్కో తాళం నిర్మాణం చాలా సరళమైనది. నాలుగు మాత్రల ఆవర్తనంలో పెద్ద డ్రమ్ము ప్రతి మాత్ర మీదా ఒకే బలంతో పడుతుంది, మాత్రకూ మాత్రకూ నడుమ సగంలో తాళపు చిప్పల చిరుశబ్దం పలుకుతుంది, కింద బాస్ గిటారు ఎగుడుదిగుడుగా పరుగెత్తుతూ ఉంటుంది. మన లయ సంప్రదాయంలో బలమైన దెబ్బకూ బలహీనమైన దెబ్బకూ మధ్య తేడాలోనే సొగసు ఉంటుంది. డిస్కో ఆ తేడాను దాదాపుగా చెరిపివేస్తుంది. అందువల్ల దాని మీద పాడే గొంతుకు రెండే దారులు ఉంటాయి. తాళంతో సమానంగా విజృంభించడం ఒకటి, తాళాన్ని తన పని తాను చేసుకోనిచ్చి పక్కన నిలబడి తాపీగా పాడుకోవడం మరొకటి. పాశ్చాత్య డిస్కోలో పేరు పొందిన గాయనులు ఎక్కువగా మొదటి దారి పట్టారు. నాజియాది రెండో దారి. ఆమె గొంతులో శాస్త్రీయ సాధన ఇచ్చే గమకాలు లేవు, పెద్ద నేపథ్య గాయనులకు ఉండే విస్తారమైన స్థాయీ లేదు. కాస్త ముక్కుతో పలికే, మెత్తని, మాట్లాడుతున్నట్టుండే గొంతు అది. కింద యంత్రంలా నడిచే లయ, పైన ఏ తొందరా లేని ఒక పడుచుపిల్ల గొంతు. ఈ రెండింటి మధ్య ఉన్న దూరమే ఆ పాటల అందం. గొప్ప సాధన ఉన్న గాయని పాడి ఉంటే ఆ దూరం పూడిపోయేదని, పాట మరింత పటిష్ఠమై, మరింత మామూలై ఉండేదని నా నమ్మకం.

ఆ దూరాన్ని నిలబెట్టడంలో ధ్వనిముద్రణ పద్ధతి పాత్ర కూడా ఉంది. ఆనాటి బొంబాయి స్టూడియోల్లో పెద్ద వాద్యబృందం, గాయకులు సాధారణంగా ఒకేసారి పాడి వాయించేవారు. ఎవరు తడబడినా మొదటినుంచి మొదలుపెట్టవలసిందే. అటువంటి ఒత్తిడిలో నెగ్గుకు రావడానికి ఏళ్ల అనుభవం అవసరం. లండన్ స్టూడియోల్లో అప్పటికే ఇరవైనాలుగు ట్రాకుల టేపు వాడుకలో ఉంది. డ్రమ్ములు ఒకసారి, బాస్ ఒకసారి, వయొలిన్లు మరొకసారి విడివిడిగా నమోదు చేసి, సిద్ధమైన సంగీతాన్ని చెవులకు తగిలించుకుని గాయని ఒంటరిగా, నింపాదిగా, కావలసినన్నిసార్లు పాడవచ్చు. ఒకే వరుసను రెండుసార్లు పాడించి ఒకదానిపై ఒకటి పరిచే పద్ధతి కూడా పాప్ సంగీతంలో ఉంది. అలా చేస్తే రెండు గొంతుల మధ్య వెంట్రుకవాసి తేడాలు కలిసి, సన్నని గొంతుకు ఒక మెరుపు, ఒక నిండుదనం వస్తాయి. నాజియా గొంతును హెడ్‌ఫోన్లలో శ్రద్ధగా విన్నప్పుడు ఈ పొరలు నాకు స్పష్టంగా వినిపిస్తాయి. చదువుకుంటున్న పిల్లల చేత, వారి పసితనం చెడకుండా, పరిణతి గల రికార్డు చేయించగలిగిన ఘనత బిడ్డుది.

పేరు పెట్టిన పాటనే తీసుకోండి. పల్లవిలో ‘డిస్కో దీవానే’ అన్న మాటల వెనుకనే ‘ఆహా, ఆహా’ అని వస్తుంది. ఆ ‘ఆహా’కు భాష లేదు. హిందీ, ఉర్దూ బొత్తిగా రాని తెలుగు శ్రోత కూడా రెండోసారి వినేటప్పటికే దాన్ని అందుకోగలడు. పల్లవిలో సగాన్ని ఇలా వినేవాళ్లకు వదిలిపెట్టడం వల్లనే ఆ పాట భాషల సరిహద్దులను అంత తేలికగా దాటిందని అనుకుంటాను.

సరిహద్దు అన్న మాట ఇక్కడ ఊరికే వాడలేదు. 1981 నాటికి పాకిస్తాన్‌లో జనరల్ జియా ఉల్ హక్ సైనిక పాలన సాగుతోంది, మతం పేరిట కఠిన శాసనాలు అమలులోకి వచ్చి రెండేళ్లయింది. అటువంటి దేశానికి చెందిన అమ్మాయి డిస్కో పాడింది. సంగీతం కూర్చినవాడు బెంగళూరువాడు, ముద్రణ జరిగింది లండన్‌లో, రికార్డును భారతదేశంలో విడుదల చేసినది హెచ్.ఎం.వి. పేరుతో మన ఇళ్లలో స్థిరపడిపోయిన గ్రామఫోన్ కంపెనీ. పాకిస్తాన్ గాయకులు మెహదీ హసన్, గులాం అలీల గజళ్లను మన దేశంలో అప్పటికే ప్రేమగా వింటున్నారు. కానీ కుర్రవాళ్లు గంతులు వేసే పాట కరాచీ పిల్లల గొంతులో రావడం కొత్త. కాలం కూడా కలిసి వచ్చింది. గల్ఫ్ దేశాలకు పనికి వెళ్లినవారు తిరిగి వచ్చేటప్పుడు రేడియో, టేప్ రికార్డర్ కలిసి ఉన్న టూ-ఇన్-వన్‌లను వెంట తెచ్చుకుంటున్న రోజులవి. ఎల్‌పీ రికార్డు కొనలేని ఇంట్లో కూడా క్యాసెట్ మోగింది. సినిమాహాలుకు వెళ్లకుండా, రేడియోలో తమ వంతు కోసం ఎదురుచూడకుండా, ఇష్టమైన పాటను ఇష్టమైనన్నిసార్లు వినే స్వేచ్ఛ యువతకు దొరికింది.

జోహేబ్ గురించి ఒక మాట చెప్పకపోతే అన్యాయం అవుతుంది. ఈ ఆల్బమ్‌ను చాలామంది నాజియా రికార్డుగానే గుర్తుంచుకున్నారు. ఆమెకంటే చిన్నవాడైన జోహేబ్‌కు అక్క వెనుక నిలబడ్డ తమ్ముడనే పేరే మిగిలింది. అయితే అతడి గొంతు లేకపోతే ఈ రికార్డు స్వభావమే వేరుగా ఉండేది. వాళ్లిద్దరి గొంతులు కలిసిన చోట నాకు ప్రేమికుల సంవాదం వినిపించదు. ఒకే ఇంట్లో పెరిగి, ఒకే పాటలు విని, ఒకరి ఊపిరి తీరు మరొకరికి తెలిసిన ఇద్దరు పిల్లలు కలిసి పాడుకుంటున్నట్టు ఉంటుంది. ప్రేమ పాటల్లో సాధారణంగా ఉండే బరువు, విరహపు వేడి అందులో ఉండవు. ఉన్నది ఉల్లాసం. అందుకే ఆ పాటలను పెద్దల ముందు టేప్ రికార్డర్‌లో పెట్టుకోవడానికి పిల్లలు జంకవలసిన అవసరం రాలేదు.

ఆ తరువాత ఇద్దరూ కలిసి మరి నాలుగు ఆల్బమ్‌లు చేశారు. 1992లో వచ్చిన ‘కెమెరా కెమెరా’ వాటిలో చివరిది. నాజియా న్యాయశాస్త్రం చదువుకుంది, కొంతకాలం ఐక్యరాజ్యసమితిలో పనిచేసింది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో 2000 ఆగస్టు 13న లండన్‌లో కన్నుమూసింది. అప్పటికి ఆమె వయసు ముప్పై అయిదేళ్లు.

2012లో ‘స్టూడెంట్ ఆఫ్ ది ఇయర్’ అనే హిందీ చిత్రం కోసం ‘డిస్కో దీవానే’ను కొత్త వాద్యాలతో, కొత్త గాయకులతో మళ్లీ తయారుచేశారు. సినిమా అవసరం లేకుండా పుట్టిన పాట ముప్పై ఒక్క సంవత్సరాల తరువాత సినిమాలోకి వచ్చింది. గాయకుల జాబితాలో నాజియా హసన్ పేరు కూడా ఉంది, ఎందుకంటే ఆ కొత్త ముద్రణలో ఆమె పాత గొంతును అలాగే ఉంచారు. హోరెత్తే కొత్త తాళం మధ్యలో పదహారేళ్ల పిల్ల గొంతు, అదే తీరున, ఏ తొందరా లేకుండా పలుకుతుంది.

నమస్కారం.