పెట్రోల్ కారుని ఇంట్లోనే ఎలక్ట్రిక్‌గా మార్చాలంటే: మోటారు కన్నా ముందు తేల్చుకోవాల్సినవి

నమస్తే అండి. పాత పెట్రోల్ కారులో ఇంజిన్ దింపేసి మోటారు పెట్టాలనుకునేవాళ్లు ముందు అడిగేది ఒకటే: "ఏ మోటారు తీసుకోమంటారు?" నిజానికి ఈ పనిలో మోటారే తేలిక. సరిగ్గా బిగిస్తే ఇక దాని ఊసే ఉండదు. ఏడిపించేవి వేరే ఉన్నాయి: కేబుల్ చివర లగ్గులు (బోల్టుకి బిగించే లోహపు కొనలు), ప్రీఛార్జ్, సెల్ బ్యాలెన్సింగ్, బ్రేక్ వాక్యూమ్. ఈ వీడియోలో ఎక్కువసేపు వాటి మీదే ఉంటాం.

ముందు లెక్క వేద్దాం. చిన్న కారు మోస్తరు వేగంలో కిలోమీటరుకి 130 నుంచి 150 వాట్ అవర్లు తాగుతుంది. 80 కిలోమీటర్లు పోవాలంటే, 150 చొప్పున, 12 కిలోవాట్ అవర్లు. బ్యాటరీని అడుగంటా పిండకూడదు కాబట్టి 80 శాతమే వాడతామనుకోండి, 15 కిలోవాట్ అవర్ల ప్యాక్ కావాలి. ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) సెల్ నామినల్ వోల్టేజ్, అంటే లెక్కలకి వాడే వోల్టేజ్, 3.2. అలాంటివి 45 సిరీస్‌లో కలిపితే 144 వోల్టులు. 105 ఆంపియర్ అవర్ల సెల్స్ తీసుకుంటే లెక్క సరిపోయింది. సెల్స్ బరువు సుమారు 90 కిలోలు.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. సెల్ మీద 105 ఆంపియర్ అవర్లు అని ఉంటే చాలదు, అది ఒక్కసారిగా ఎంత కరెంట్ ఇవ్వగలదో చూడాలి. సోలార్ స్టోరేజ్ కోసం తయారైన సెల్స్ చాలావరకు 1సీ రకం, అంటే ఆంపియర్ అవర్ల అంకె ఎంతో అన్ని ఆంపియర్లే ఇవ్వగలవు (3సీ అయితే దానికి మూడింతలు). అంటే 105 ఆంపియర్లు, 15 కిలోవాట్లు. చదును రోడ్డు మీద ఎలాగో లాక్కొస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు, ముందు బండిని దాటేటప్పుడు వోల్టేజ్ కుంగిపోయి బీఎంఎస్ (సెల్స్‌ని కాపలా కాసే ఎలక్ట్రానిక్ బోర్డు) కట్ చేసేస్తుంది. కనీసం 3సీ తట్టుకునే ట్రాక్షన్ సెల్స్ (బండి లాగడానికి చేసినవి) తీసుకోండి. అప్పుడు 300 ఆంపియర్లు, అంటే 40 కిలోవాట్ల పైమాటే దొరుకుతుంది.

పాత ఎలక్ట్రిక్ కార్ల మాడ్యూళ్లు కూడా వాడుకోవచ్చు. మొదటి తరం నిస్సాన్ లీఫ్ ప్యాక్‌లో 48 మాడ్యూళ్లు ఉంటాయి, కొత్తలో మొత్తం 24 కిలోవాట్ అవర్లు. అయితే వాటి కెమిస్ట్రీ వేరు, సెల్ నిండు వోల్టేజ్ 4.2. ఎల్‌ఎఫ్‌పీకి పెట్టిన ఛార్జర్ సెట్టింగ్ వీటికి పనికిరాదు. ప్రతి మాడ్యూల్‌ని విడిగా నింపి, ఖాళీ చేసి, కెపాసిటీ కొలిచాకే ప్యాక్ కట్టండి. సిరీస్‌లో ఒక్కటి బలహీనంగా ఉన్నా మొత్తం ప్యాక్ దాని స్థాయికే దిగుతుంది.

ఇప్పుడు మోటారు. చిన్న కారుకి 100 వేగంలో చదును రోడ్డు మీద 15 కిలోవాట్లు చుట్టుపక్కల సరిపోతాయి. కంటిన్యూయస్ రేటింగ్ 20, పీక్ 40 ఉన్న ఏసీ మోటారు హాయిగా లాగుతుంది. పీక్ అంకె చూసి కొనకండి, ఆ పవర్ కాసేపే వస్తుంది. పాత ఫోర్క్‌లిఫ్ట్‌ల సిరీస్ డీసీ మోటారు చేతికొస్తే ఒక హెచ్చరిక: లోడ్ లేకుండా పూర్తి వోల్టేజ్ ఇచ్చారంటే వేగం ఆగకుండా పెరిగి కమ్యుటేటర్ (మోటారులో బ్రష్‌లు ఆనే రాగి చుట్టు) చీలికలవుతుంది. బెంచి మీద తిప్పి చూడాలంటే 12 వోల్టులు చాలు.

ఇంజిన్ దించే ముందు కారుని వేబ్రిడ్జి మీదకి తీసుకెళ్లి ముందు ఇరుసు, వెనక ఇరుసు విడివిడిగా తూయించండి. పని అయ్యాక ఆ అంకెలకి దగ్గరగా రావాలి. పెట్రోల్ ట్యాంకు దించేటప్పుడు ఖాళీదే కదా అనుకోకండి, నిండు ట్యాంకు కన్నా ఆవిరితో ఉన్న ఖాళీ ట్యాంకే ప్రమాదం. దగ్గర్లో గ్రైండర్, వెల్డింగ్ ఉండకూడదు. ఏసీ గ్యాస్‌ని గాల్లోకి వదలొద్దు, మెకానిక్ దగ్గర రికవర్ చేయించండి.

ఇంజిన్, గేర్‌బాక్స్ విడదీశాక ఒక కొలత తప్పనిసరి. ఇంజిన్ బ్లాకు గేర్‌బాక్స్‌కి ఆనే ముఖం నుంచి ఫ్లైవీల్ ముఖం దాకా ఎంత దూరముందో డెప్త్ గేజ్‌తో నాలుగు చోట్ల కొలిచి రాసుకోండి. రేపు మోటారు మీద ఫ్లైవీల్ సరిగ్గా అంతే దూరంలో కూర్చోవాలి. తేడా వస్తే క్లచ్ పూర్తిగా విడదు, లేదా పూర్తిగా పట్టదు. ఈ అంకె రాసుకోకుండా ఇంజిన్ అమ్మేస్తే ఆదిలోనే హంసపాదు.

మోటారుని గేర్‌బాక్స్‌కి కలిపే అడాప్టర్ ప్లేటుకి 12 నుంచి 20 మిల్లీమీటర్ల అల్యూమినియం వాడతారు. ఇందులో ప్రాణం సెంటరింగ్. బోల్టు రంధ్రాల్ని నమ్ముకుని బిగించకూడదు, డోవెల్ పిన్నులు (సరిగ్గా అదే చోట కూర్చోబెట్టే గుండ్రటి పిన్నులు) ఉండాలి. డయల్ గేజ్ పెట్టి కప్లర్ (మోటారు షాఫ్ట్‌ని కలిపే ముక్క) రనౌట్, అంటే తిరిగేటప్పుడు ఎంత పక్కకి ఊగుతుందో చూడండి, 0.05 మిల్లీమీటర్లు దాటకూడదు. దాటితే మొదట్లో సన్నటి వణుకు, తర్వాత ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్ మోత, ఆ తర్వాత స్ప్లైన్ (షాఫ్ట్ మీది పళ్లు) అరుగుదల. మోటారుకి ఐడిలింగ్ ఉండదు కాబట్టి బండి ఆగినప్పుడు క్లచ్ తొక్కక్కర్లేదు. అయినా మొదటిసారి చేసేవాళ్లు క్లచ్ ఉంచుకోవడమే మేలు, గేర్లు నెమ్మదిగా పడే తంటా ఉండదు.

ఇక హై వోల్టేజ్. 60 వోల్టుల డీసీ దాటితే ప్రాణం తీస్తుందనే లెక్కన పని చేయాలి. పైగా సెల్‌కి స్విచ్ ఉండదు. అందుకే 45 సెల్స్‌ని 15 చొప్పున మూడు పెట్టెలు చేయండి. ఒక్కో పెట్టె నిండు ఛార్జ్‌లో కూడా 54.75 వోల్టులే. మూడింటినీ సర్వీస్ డిస్‌కనెక్ట్‌లతో (చేత్తో పీకి విడదీసే ప్లగ్గులు) కలిపేది అన్నిటికన్నా చివర్లో. వేళ్లకి ఉంగరాలు, మెడలో గొలుసు, చేతికి వాచీ తీసేయాలి. స్పానర్లకి ఇన్సులేషన్ ఉండాలి, చేతికి 1000 వోల్టుల గ్లౌజులు ఉండాలి.

పాత 12 వోల్టుల వైరింగ్‌లా మైనస్‌ని బాడీకి కలపకండి. హై వోల్టేజ్ ప్లస్సూ మైనస్సూ రెండూ బాడీకి దూరంగా ఉండాలి. వాహనాల కోసం ఐక్యరాజ్యసమితి చేసిన ఆర్100 నిబంధన ప్రకారం డీసీ వైపు వోల్టుకి కనీసం 100 ఓమ్‌ల ఇన్సులేషన్ కావాలి. మన ప్యాక్ నిండు వోల్టేజ్ 164, అంటే 16,400 ఓమ్‌లు. అది కనీసం మాత్రమే. ఆరోగ్యంగా ఉన్న ప్యాక్ మెగాఓమ్‌లలో చూపిస్తుంది. మెగ్గర్‌తో (ఎక్కువ వోల్టేజ్ పెట్టి ఇన్సులేషన్ కొలిచే మీటరు) కొలిచేటప్పుడు బీఎంఎస్, కంట్రోలర్ (మోటారుకి కరెంట్ అదుపు చేసే పెట్టె) విప్పేయండి, లేకపోతే అవి కాలిపోతాయి.

లగ్గు సంగతి కాస్త దగ్గరగా చూద్దాం. 300 ఆంపియర్లు పోయే దారిలో ఒక జాయింటుకి 1 మిల్లీఓమ్ రెసిస్టెన్స్ ఉందనుకోండి. 300 ఇంటూ 300 ఇంటూ 0.001, అంటే 90 వాట్లు. మామూలు సోల్డరింగ్ ఐరన్ కన్నా ఎక్కువ వేడి, ఆ చిన్న బోల్టు దగ్గర, సెల్ టెర్మినల్ మీదే. 50 లేదా 70 చదరపు మిల్లీమీటర్ల కేబుల్, హైడ్రాలిక్ క్రింపర్ (లగ్గుని కేబుల్ మీద నొక్కి బిగించే పనిముట్టు), ఆ సైజుకి సరైన డై (నొక్కే అచ్చు), వీటి దగ్గర కక్కుర్తి పడొద్దు. మొదట ఒక శాంపిల్ లగ్గు క్రింప్ చేసి రంపంతో అడ్డంగా కోయండి. రాగి పోగులన్నీ కలిసి గట్టి ముద్దలా కనపడాలి, మధ్యలో ఖాళీ కనిపిస్తే డై తప్పు. తర్వాత ప్రతి కేబుల్‌లోనూ బెంచి సప్లైతో 10 ఆంపియర్లు పంపి జాయింటుకి అటూ ఇటూ కొలవండి. 1 మిల్లీఓమ్ ఉంటే 10 మిల్లీవోల్టులు చూపిస్తుంది. మంచి క్రింప్ 1 మిల్లీవోల్టు కూడా చూపించదు. సెల్ టెర్మినళ్లు అల్యూమినియం అయితే స్కాచ్‌బ్రైట్‌తో రుద్ది, జాయింట్ కాంపౌండ్ రాసి వెంటనే బిగించాలి. ఆలస్యం చేస్తే మళ్లీ ఆక్సైడ్ పొర పట్టేస్తుంది. టార్క్ రెంచ్‌తో, సెల్ తయారీదారు చెప్పినంతే బిగించండి. ఎక్కువైతే టెర్మినల్ మరలు ఊడొస్తాయి.

ప్రీఛార్జ్ ఎందుకంటే, కంట్రోలర్ లోపల పెద్ద కెపాసిటర్లు ఖాళీగా ఉంటాయి. వాటికి ప్యాక్‌ని సూటిగా కలిపితే ఒక్క క్షణం వేల ఆంపియర్లు పరుగెత్తి మెయిన్ కాంటాక్టర్ (ప్యాక్‌ని కలిపి విడదీసే పెద్ద రిలే స్విచ్) కొనలు అతుక్కుపోతాయి. అతుక్కున్న కాంటాక్టర్ ఇక ఆఫ్ కాదు. అందుకని ముందు 100 ఓమ్‌ల వైర్‌వౌండ్ రెసిస్టర్ ద్వారా నింపాలి. కెపాసిటర్ 1000 మైక్రోఫారడ్లు అయితే అర సెకనులో నిండుతుంది. కంట్రోలర్ దగ్గర వోల్టేజ్ ప్యాక్‌లో 95 శాతానికి చేరాకే మెయిన్ కాంటాక్టర్ పడాలి. రెండు సెకన్లలో చేరలేదంటే అంతా ఆపేసేలా పెట్టండి. అటువైపు డీసీ-డీసీ కన్వర్టర్ (ప్యాక్ వోల్టేజ్‌ని 12 వోల్టులకి తగ్గించేది) అప్పటికే కరెంట్ లాగుతూ ఉండొచ్చు, లేదా షార్ట్ ఉండొచ్చు. ఆపకపోతే రెసిస్టర్ మాడిపోతుంది.

ఫ్యూజ్ మీద డీసీ వోల్టేజ్ రేటింగ్ రాసి ఉండాలి. ఏసీ కరెంట్ సెకనుకి ఎన్నోసార్లు సున్నాకి వస్తుంది కాబట్టి ఆర్క్ (తెగిన చోట గాల్లో మండే మెరుపు) ఆరిపోతుంది. డీసీకి ఆ వెసులుబాటు లేదు, ఫ్యూజ్ తెగినా ఆర్క్ మండుతూనే ఉంటుంది. చాలా డీసీ కాంటాక్టర్లకి ప్లస్ మైనస్ గుర్తులు ఉంటాయి, ఆర్క్‌ని ఊదేసే అయస్కాంతం వాటిలో ఒక దిశకే పని చేస్తుంది. తిరగేసి బిగిస్తే అసలు అవసరానికి పని చేయదు.

సెల్ బ్యాలెన్సింగ్. కొత్త సెల్స్‌ని తెచ్చి నేరుగా సిరీస్‌లో కట్టేయకండి. బీఎంఎస్ బ్యాలెన్స్ కరెంట్ తరచూ 100 మిల్లీఆంపియర్ల లోపే. 5 ఆంపియర్ అవర్ల తేడా సర్దడానికే 50 గంటలు పడుతుంది. 45 సెల్స్‌ని పారలల్‌లో కలిపి 3.65 వోల్టుల దగ్గర టాప్ బ్యాలెన్స్ చేయాలి, అంటే అన్నిటినీ నిండు స్థాయిలో సమానం చేయాలి. కానీ సగం ఖాళీగా ఉన్నవాటిని అలా 10 ఆంపియర్ల సప్లైతో నింపాలంటే 236 గంటలు! అందుకని ముందు బీఎంఎస్ కాపలాలో సిరీస్‌లో ఛార్జ్ చేయండి, ఏదో ఒక సెల్ 3.65 తాకాక విప్పి పారలల్ చేసి కొసరు నింపండి. సప్లై వోల్టేజ్ సెల్స్‌కి తగిలించక ముందే సెట్ చేసుకోవాలి. ఇంకో మాట, ఎల్‌ఎఫ్‌పీ వోల్టేజ్ మధ్య భాగంలో దాదాపు కదలదు. వోల్టేజ్ చూసి ఎంత మిగిలిందో చెప్పలేం, షంట్ (కరెంట్ కొలిచే చిన్న రెసిస్టర్) పెట్టి ఆంపియర్ అవర్లు లెక్కపెట్టాల్సిందే. సున్నా డిగ్రీల కింద ఛార్జ్ చేయకుండా బీఎంఎస్‌లో కట్ పెట్టండి, లోపల లిథియం పొర కడుతుంది.

బ్రేకుల దగ్గర మాత్రం ఒక్క మెట్టు కూడా దాటవేయకండి. వాక్యూమ్ బూస్టర్‌కి వాక్యూమ్ ఇచ్చింది ఇంజినే, అది పోయింది. 12 వోల్టుల వాక్యూమ్ పంపు, చిన్న రిజర్వాయర్ ట్యాంకు, స్విచ్ కావాలి. వాక్యూమ్ సుమారు 50 కిలోపాస్కల్స్‌కి పడగానే పంపు నడవాలి, 70 దగ్గర ఆగాలి. పాత చెక్ వాల్వ్ ఉంచేయండి. డాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపానికి వేరే స్విచ్ పెట్టండి, పంపు స్విచ్చే పాడైతే చెప్పడానికి ఇంకొకటి ఉండాలి. పంపు ఆపేసి పెడల్ వరసగా తొక్కి చూడండి, ఎన్ని తొక్కుళ్లకి గట్టిపడుతుందో మీకు తెలిసి ఉండాలి. రీజెన్‌ని (మోటారే బండిని ఆపుతూ బ్యాటరీని నింపడం) బ్రేకుల లెక్కలో వేయకండి, బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు అది పని చేయదు.

ఆల్టర్నేటర్ కూడా పోయింది కాబట్టి 40, 50 ఆంపియర్ల డీసీ-డీసీ కన్వర్టర్ పెట్టాలి. పాత 12 వోల్టుల బ్యాటరీ తీసేయకండి. కన్వర్టర్ ఆగిపోయిన రోజు లైట్లు, కాంటాక్టర్ కాయిళ్లు, బ్రేక్ పంపు దాని మీదే నడవాలి.

ఇలాంటి మార్పుకి అనుమతి, తనిఖీ, ఇన్సూరెన్స్ నియమాలు ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటాయి. సామాను కొనక ముందే కనుక్కోండి.

మొదటిసారి కరెంట్ ఇచ్చేటప్పుడు చక్రాలు గాల్లో, కారు స్టాండ్ల మీద. మెయిన్ కాంటాక్టర్ కాయిల్ వైరు పీకేసి ప్రీఛార్జ్ ఒక్కటే పడనివ్వండి. కంట్రోలర్ దగ్గర పోలారిటీ, వోల్టేజ్ చూశాక కాయిల్ కలపండి. యాక్సిలరేటర్ తొక్కి ఉంచి ఆన్ చేస్తే కంట్రోలర్ కదలనివ్వకూడదు. యాక్సిలరేటర్ వైరు ఒకటి పీకితే టార్క్ సున్నా కావాలి. ఈ రెండూ పరీక్షించాకే రోడ్డు. అప్పుడు కూడా కంట్రోలర్‌లో బ్యాటరీ కరెంట్ 100 ఆంపియర్లకి కట్టేయండి. పది నిమిషాలు తిప్పి వచ్చి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో జాయింట్లన్నీ చూడండి, పక్కవాటికన్నా 10 డిగ్రీలు ఎక్కువున్నది విప్పి మళ్లీ చేయండి. మొదటి వంద కిలోమీటర్ల తర్వాత బిగించినప్పుడు అడాప్టర్ బోల్టుల మీద గీసిన పెయింట్ గీతలు కదిలాయేమో, సెల్ వోల్టేజ్‌ల మధ్య తేడా పెరిగిందేమో చూడండి. అన్నీ నిలకడగా ఉంటే పరిమితి 200కి, ఇంకో వంద కిలోమీటర్ల తర్వాత మళ్లీ ఇవే పరీక్షలు చేసి 300కి పెంచండి.