అక్క అడిగిన ప్రశ్న: సూపర్‌హీరో ఆటలో రహస్య జీవితమే కథ

[తెరపై: బల్ల మీద మూడు పాచికలు, పెన్సిల్‌తో నింపిన క్యారెక్టర్ షీట్, పక్కన సగం తాగిన టీ గ్లాసు]

మా ఆటలో ఒక హీరో ఉన్నాడు. పగలు సెల్‌ఫోన్లు రిపేరు చేసే కుర్రాడు, రాత్రి ముసుగు వేసుకుని నగరం మీద ఎగిరే వీరుడు. ఒక రాత్రి మండుతున్న గోదాములోంచి ఏడుగురిని బయటికి తెచ్చాడు. తెల్లవారాక ఇంటికి వచ్చి అన్నానికి కూర్చున్నాడు. వడ్డిస్తున్న అక్క అతని చేయి చూసింది.

“చేతికి ఏమైందిరా?”

“ఇస్త్రీ పెట్టె తగిలింది అక్కా.”

“మన ఇస్త్రీ పెట్టె పాడై వారమైంది కదా.”

గేమ్ మాస్టర్‌ని కాబట్టి అక్క మాటలు నేనే పలుకుతున్నాను. ఎదురుగా ఉన్న ప్లేయర్ నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాడు. మిగతా ముగ్గురూ చేతిలోని పాచికలు కింద పెట్టేశారు. గోదాము మంటల్లో కూడా బల్ల దగ్గర అంత నిశ్శబ్దం లేదు.

నమస్కారం. ఈ వీడియోలో సూపర్‌హీరో రోల్‌ప్లేయింగ్ ఆటల్లో సీక్రెట్ ఐడెంటిటీ గురించి మాట్లాడుకుందాం. ఈ ఆటలు కొత్తవారికి ఒక్క మాట: ఒకరు గేమ్ మాస్టర్‌గా కథాలోకాన్ని నడుపుతారు, మిగతావారు తలా ఒక పాత్ర ధరిస్తారు, ఏమవుతుందో తెలియని చోట పాచికలు వేస్తారు. నెలల తరబడి సాగే అలాంటి కథను క్యాంపెయిన్ అంటారు.

చాలా క్యాంపెయిన్లలో రహస్య జీవితం క్యారెక్టర్ షీట్ మీద ఒక గీతగా మిగిలిపోతుంది. “పగలు విలేఖరి” అని రాస్తారు, ఆరు నెలల్లో ఒక్కసారి కూడా ఆ ఆఫీసులో అడుగు పెట్టరు. నాకు అది ఎప్పుడూ బాధగానే ఉంటుంది. హీరో రోజూ ఎవరితో అబద్ధమాడుతున్నాడో తెలిస్తే సగం కథ చేతికి వచ్చినట్టే.

[తెరపై: 1981 అనే అంకె, దాని కింద మూడు పాచికలు దొర్లుతూ]

ఆటలు తయారుచేసినవారికి ఈ సంగతి మొదట్లోనే తెలుసు. 1981లో వచ్చిన ఛాంపియన్స్ అనే ఆటలో పాత్రను పాయింట్లతో కట్టుకోవాలి. శక్తులకు పాయింట్లు చాలకపోతే, అదనపు పాయింట్ల కోసం కష్టాలు కొనితెచ్చుకోవాలి: రహస్య జీవితం, వెంటాడే శత్రువు, హీరో మీద ఆధారపడిన మనిషి. ఆ మనిషి ఈ సెషన్‌లో, అంటే ఈ పూట ఆటలో, చిక్కుల్లో పడతాడా లేదా అన్నది మూడు పాచికలు చెబుతాయి. మూడిటి మొత్తం 8 లేదా అంతకన్నా తక్కువ పడితే అని షీట్ మీద రాసుకుంటే నూటికి సుమారు 26 సార్లు, 11 అని రాసుకుంటే 62 సార్లకు పైగా, 14 అయితే దాదాపు 91 సార్లు చిక్కు వచ్చిపడుతుంది.

ఇందులో నాకు నచ్చేది ఆ లెక్క వెనక ఉన్న నిజాయితీ. ప్లేయర్ ముందే అప్పు తీసుకున్నాడు, గేమ్ మాస్టర్ వసూలు చేస్తాడు. చిక్కల్లా వసూలు చేసే తీరులోనే ఉంది. ప్రతి వారం అదే చెల్లెల్ని విలన్ ఎత్తుకుపోతుంటే, నాలుగో వారానికి ప్లేయర్ షీట్ మీద చెల్లెలు ఉండదు. తర్వాతి పాత్రలన్నీ అనాథలే అవుతాయి.

మ్యూటెంట్స్ అండ్ మాస్టర్‌మైండ్స్ అనే ఇంకో ఆట 2005 నాటి రెండో ఎడిషన్‌లో ఈ వరసను తిప్పేసింది. ముందుగా పాయింట్లు రావు. రహస్యం వల్ల నిజంగా ఇబ్బంది ఎదురైనప్పుడే గేమ్ మాస్టర్ ఒక హీరో పాయింట్ ఇస్తాడు, దానితో తర్వాత పాచిక మళ్లీ వేసుకోవచ్చు. ఇక ఇబ్బంది కోసం ప్లేయరే ఎదురుచూస్తాడు.

నా మనసుకు అన్నిటికన్నా దగ్గరైనది మాస్క్స్. 2016లో వచ్చింది, అందులో హీరోలంతా పిల్లకాయలు. రెండు ముఖాల రోమన్ దేవుడి పేరుతో, జానస్ అనే పాత్ర ఉంటుంది. కాలం గడిచినప్పుడల్లా జానస్ ప్లేయర్ పాచికలు వేసి బడి, ఇల్లు, ఉద్యోగం లాంటి బాధ్యతల్లో ఏవి నిలబెట్టుకున్నాడో, ఏవి జారవిడిచాడో తేల్చుకోవాలి. అంటే ఇక్కడ రహస్యం తినేది సమయాన్ని. ఒకే సాయంత్రం ఇద్దరికి మాటిచ్చిన మనిషి బతుకు అది. ముసుగు ఊడిపోతుందన్న భయం కన్నా ఈ బరువు మనందరికీ బాగా తెలిసినది.

[తెరపై: రాత్రి వేళ, దీపం లేని పెద్ద మంటపం]

తెలుగువాళ్లకు ఈ విద్య కొత్త కాదు. విరాటపర్వం గుర్తు తెచ్చుకోండి. ఏడాది పాటు ఎవరికీ తెలియకుండా బతకాలి, బయటపడితే మళ్లీ పన్నెండేళ్లు అడవి. పందెం అంత స్పష్టంగా ఉంది. తనకు గంధర్వులు భర్తలని సైరంధ్రి ముందే చెప్పి ఉంచింది. నర్తనశాలలో కీచకుడు చచ్చాక నింద ఆ గంధర్వుల మీదికి పోయింది, రహస్యం నిలిచింది. కానీ ఆ అబద్ధానికీ ధర కట్టాల్సి వచ్చింది: ఉపకీచకులు ఆమెను కీచకుడి శవంతో పాటు కాల్చడానికి లాక్కుపోయారు. అంతటితో ఆగలేదు. కీచకుణ్ని వట్టి చేతులతో చంపగలవాడు ఎవడన్న ప్రశ్న హస్తినకు చేరగానే అనుమానం భీముడి మీద వాలింది.

ఇక్కడ ఒక నిమిషం ఆగాలి. భీముణ్ని పట్టించింది అతని బలమే. మీ ఆటలో కూడా ఆనవాళ్లు హీరో చేసిన పనిలోంచే పుట్టాలి. దారిన పోయే ఎవడో ఫోటో తీశాడంటే ప్లేయర్‌కు అన్యాయం జరిగినట్టు ఉంటుంది. ఏడుగురిని కాపాడిన చేతి మీద కాలిన మచ్చ పడితే, ఆ మచ్చ అతనిదే. ఆ కష్టాన్ని అతను కాదనలేడు.

అందుకే నేను ప్రతి ప్లేయర్‌నీ మొదటి రోజే అడుగుతాను: నీ సంగతి తెలిస్తే ఎవరు ఏమి పోగొట్టుకుంటారు? “విలన్లు నా ఇంటికి వస్తారు” అన్న జవాబు చాలదు. “మా అక్క నన్ను చదివించడానికి తన పెళ్లి వాయిదా వేసుకుంది. నేను రోజూ చావుకు ఎదురెళుతున్నానని తెలిస్తే ఆమె ముఖం చూడలేను” అన్నాడు మా రిపేరు కుర్రాడు. ఏడాదికి సరిపడా కథ ఆ రెండు వాక్యాల్లో ఉంది.

అదే రోజు ఇంకొకటి కూడా అడగండి: నీ రహస్యం నీకు తెలియకుండా బయటపెట్టవచ్చా? వద్దంటే వద్దు. నిజ జీవితంలో ఏదో ఒకటి దాచుకుని బతుకుతున్నవారు మీ బల్ల దగ్గరే ఉండవచ్చు. వారికి ఆ దృశ్యం సరదాగా ఉండదు.

రహస్యం తెలిసిన విలన్ వెంటనే చాటింపు వేస్తే కథ అక్కడితో సరి. మా విలన్ అలా చేయలేదు. ఒక మధ్యాహ్నం మామూలు చొక్కాలో రిపేరు దుకాణానికి వచ్చి, పగిలిన ఫోను కౌంటర్ మీద పెట్టాడు. “స్క్రీన్ మార్చాలి. రేపటికి ఇవ్వగలరా?” కుర్రాడు స్క్రీన్ మార్చి, పనిచేస్తోందో లేదో చూడటానికి ఫోను వెలిగించాడు. వాల్‌పేపర్ మీద తన ఫోటోనే ఉంది, ముసుగు తీస్తున్నప్పటిది. మర్నాడు ఆ మనిషి వచ్చి, డబ్బు లెక్కపెట్టి ఇచ్చి, “పని బాగా చేస్తారు” అని వెళ్లిపోయాడు. పాచికలు వేయలేదు, ఒక్క దెబ్బ పడలేదు. మూడు సెషన్ల పాటు ఆ ప్లేయర్ ప్రతి కొత్త ముఖాన్నీ అనుమానంగా చూశాడు.

ఒకరి ఇంటి కథ నడుస్తుంటే మిగతావారు ఖాళీగా కూర్చోవాలి కదా అని అడుగుతుంటారు. వారికి పాత్రలు ఇవ్వండి. దుకాణం యజమాని ఒకరు, పక్కింటి పిన్నిగారు ఒకరు. మా బల్ల దగ్గర కొన్నాళ్లకు అక్క పాత్రను నా దగ్గరి నుంచి ఒక ప్లేయర్ అడిగి తీసుకుంది. నాకన్నా బాగా ఆడింది.

ఇస్త్రీ పెట్టె దగ్గరికి వస్తాను. ఆ రోజు కుర్రాడు జవాబు చెప్పకుండా లేచి చేయి కడుక్కున్నాడు, సెషన్ అక్కడే ఆపాను. తర్వాతి సెషన్‌లో, అక్క పాత్ర తీసుకున్న ప్లేయర్ ముందుగా మాట్లాడింది. నాతో కూడా చెప్పలేదు ఏమి చేయబోతోందో.

అక్క బజారు నుంచి వచ్చింది. సంచిలోంచి ఒక అట్టపెట్టె తీసి తమ్ముడి ముందు పెట్టింది.

“కొత్త ఇస్త్రీ పెట్టె కొన్నానురా. ఇకమీదట ఎవరైనా అడిగితే, ఇది తగిలిందని చెప్పు.”

[తెరపై: బల్ల మీద పాచికలు, ఎవరూ ముట్టుకోరు]