ఒక్క ‘టేక్’ మీద పట్టు దొరికితే
(నల్లగొండలో డిగ్రీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్కారం.

ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్ల చేతుల్లో ఇడియమ్స్, అంటే ఇంగ్లిష్ పలుకుబడుల జాబితాలు చూస్తుంటాను. ఎడమ పక్క ఇంగ్లిష్, కుడి పక్క తెలుగు అర్థం. బట్టీ పట్టిన నాలుగు రోజులకే సగం ఎగిరిపోతాయి, మిగిలిన సగం నోటిదాకా రావు. లోపం మీ జ్ఞాపకశక్తిలో లేదు. ఆ జాబితాలో మాట ఉంటుంది, అర్థం ఉంటుంది. ఆ మాట ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అంటారన్నది ఉండదు. అది తెలియకుండా ఏ భాషలోనూ పలుకుబడి ఒంటబట్టదు. అందుకే ఈ పూట ఒకే ఒక్క క్రియ గురించి మాట్లాడతాను. అది ‘టేక్’. దేవరకొండ నుంచి వచ్చినవాళ్లకైనా, మిర్యాలగూడ నుంచి వచ్చినవాళ్లకైనా చిన్నప్పటి నుంచీ తెలిసిన మాటే.

మొదలు మన ‘పట్టు’ చూడండి. చెమట పట్టింది. ముసురు పట్టింది. ఈ పనికి చాలా టైం పడుతుంది. పాలమూరు జనం వలస బాట పట్టారు. తాత మంచం పట్టాడు. వీటిని మీకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. ‘మంచం పట్టాడు’ అంటే జబ్బుచేసి లేవలేకపోతున్నాడని ఇంట్లో చిన్న పిల్లకు కూడా తెలుసు. అదే ‘మంచం పట్టుకున్నాడు’ అంటే చేత్తో పట్టుకున్నాడనే అర్థం. ‘నులక మంచం పట్టాడు’ అన్నామా, ఎదుటివాళ్లు మన ముఖం చూస్తారు. పట్టాడు, పట్టింది, పడతాడు అని క్రియ మారొచ్చు. మంచం దగ్గర మాత్రం ఏమీ చేర్చలేం. ఇంగ్లిష్‌లోనూ అంతే. మంచం పట్టడాన్ని వాళ్లు ‘టేక్ టు వన్స్ బెడ్’ అంటారు. ఆ ‘టు’ తీసేస్తే అర్థమే పోతుంది.

ఇంకో సంగతి నాకు భలే ఇష్టం. ‘టేక్’ అసలు ఇంగ్లిష్ వాళ్ల సొంత మాట కాదు. తొమ్మిదో శతాబ్దం నుంచి ఇంగ్లండ్ తూర్పు, ఉత్తర ప్రాంతాల్లో స్థిరపడ్డ స్కాండినేవియా జనం తెచ్చిన ‘టాకా’ నుంచి వచ్చింది. అంతకుముందు ఇంగ్లిష్‌లో ఆ పనికి ‘నిమన్’ అనే క్రియ ఉండేది. కొత్త మాట వచ్చి పాతదాన్ని పక్కకు నెట్టేసింది. పాతదాని ఆనవాళ్లలో ఒకటి ఇప్పటికీ ఉంది: స్పర్శ తెలియకపోవడాన్ని చెప్పే ‘నంబ్’. దాని మూలార్థం ‘పట్టబడినది’. మనం నడుము పట్టేసిందంటాం కదా, ఇంచుమించు అలాంటి ఊహే. ఇంగ్లిష్ మన బుర్రకు ఎక్కని భాష అని దిగులు పడేవాళ్లు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే నాకు సంతోషం.

ఇప్పుడు అసలు విషయం. హైదరాబాద్‌లో ఇంటర్వ్యూకు వెళ్లారు. ప్రశ్న అడిగారు, మీకు వెంటనే తట్టలేదు. ఎదురుగా ఉన్నాయన ‘టేక్ యువర్ టైమ్’ అన్నాడు. తొందర లేదు, నిదానంగా ఆలోచించుకుని చెప్పమని. మంచి మాట. దానికి టెన్షన్ పడి గబగబా ఏదో ఒకటి చెప్పేయకూడదు. ‘థాంక్యూ’ అని, ఓ క్షణం ఆగి చెప్పాలి. ఇదే మాట భూతకాలంలో వినండి. గంట ఆలస్యంగా వచ్చిన స్నేహితుడితో ‘యూ టుక్ యువర్ టైమ్’ అంటే, ‘అబ్బో, ఎంత తొందరగా వచ్చావు!’ అని దెప్పడం. అవే మాటలు, కాలం మారింది, ఆదరణ కాస్తా ఎత్తిపొడుపైంది. ఏ జాబితాలోనూ ఈ తేడా కనిపించదు. ఆఫీసులో పై అధికారి ఫైలు ఆలస్యంగా పంపాడనుకోండి, మర్యాద కోసం ఈ రెండో మాట వాడారంటే చిక్కుల్లో పడతారు.

‘టేక్ ఇట్ విత్ ఎ పించ్ ఆఫ్ సాల్ట్’ ఉంది. బ్రిటన్‌లో చిటికెడు ఉప్పు, అమెరికాలో ‘గ్రెయిన్’, అంటే ఉప్పు రవ్వ. విన్నదాన్ని మొత్తంగా నమ్మేయకు అని భావం. ఒకటో శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ, మిత్రిడేటిస్ రాజు విషానికి విరుగుడుగా వాడిన మందు గురించి రాస్తూ, అత్తిపండ్లు, అక్రోట్లు వగైరా కలిపి నూరి ఒక ఉప్పు రవ్వ చేర్చాలన్నాడు. ఈ పలుకుబడి అక్కడి నుంచే వచ్చిందని చెబుతారు. వాట్సాప్‌లో వచ్చే ఆరోగ్య చిట్కాలకు ఇంతకన్నా సరిపోయే మాట లేదు. కానీ పెద్దవాళ్లు చెబుతున్నప్పుడు వాళ్ల ముఖం మీదే అనేది కాదు.

‘టేక్ ఎ రెయిన్ చెక్’ అమెరికా బేస్‌బాల్ మైదానాల్లో, 19వ శతాబ్దం చివర్లో పుట్టింది. వానకు ఆట ఆగిపోతే, చేతిలోని టికెట్ ముక్కతో మరో రోజు ఆట చూడనిచ్చేవారు. ఎవరైనా టీకి పిలిస్తే ‘ఈసారికి వదిలెయ్, ఇంకోసారి తప్పకుండా వస్తా’ అనడానికి ఇప్పుడు వాడతారు. వాన కోసం ఎదురుచూసే మన జిల్లాల్లో వాన పేరు చెప్పి తప్పించుకోవడం కొంచెం కొత్తగానే ఉంటుంది. స్నేహితుల మధ్య బాగుంటుంది, దరఖాస్తులో రాయకండి.

‘టేక్ ఫర్ గ్రాంటెడ్’ మీద మాత్రం మనసు పెట్టండి. పొద్దున్నే లేచి సద్ది కట్టి మిమ్మల్ని బస్సెక్కించే అమ్మ ఉంది. రోజూ చేస్తుంది కదా, ఎలాగూ చేస్తుందిలే అనుకుని ఆ కష్టాన్ని గుర్తించకపోవడమే ఈ మాట. ‘తేలిగ్గా తీసుకోవడం’ అని అర్థం రాసి వదిలేసిన పుస్తకాలు చూశాను. నాకు అది నచ్చదు. ‘టేక్ ఇట్ ఈజీ’కి కూడా అదే అర్థం రాస్తారు. ‘టేక్ ఇట్ ఈజీ’ బాధలో ఉన్నవాడికి చెప్పే ఊరట, ‘టేక్ ఫర్ గ్రాంటెడ్’ మనిషి విలువ తెలుసుకోని తీరు. రెండింటినీ ఒక గాటన కట్టేస్తే విద్యార్థి ఏం నేర్చుకోవాలి?

వ్యాకరణం ఒక్క ముక్క. చెప్పులు విడవమనాలంటే ‘టేక్ ఆఫ్ యువర్ షూస్’, ‘టేక్ యువర్ షూస్ ఆఫ్’, రెండూ సరే. షూస్ బదులు సర్వనామం పెడితే ‘టేక్ దెమ్ ఆఫ్’ ఒక్కటే చెల్లుతుంది. ‘టేక్ ఆఫ్ దెమ్’ తప్పు. పోలిక రావడాన్ని చెప్పే ‘టేక్ ఆఫ్టర్’ను మాత్రం మధ్యలో విడదీయకూడదు. ‘షి టేక్స్ ఆఫ్టర్ హిమ్’ అనే అనాలి.

మరి ఎలా నేర్చుకోవాలి? నోటుబుక్కులో ప్రతి ఇడియమ్ పక్కన అర్థం రాయకండి, మీకు తెలిసిన ఒక మనిషి పేరు రాయండి. ఆ మనిషి ఎప్పుడు, ఎవరితో ఆ మాట అనే అవకాశం ఉందో ఒక వాక్యం రాయండి. వారానికి మూడు చాలు. మూడు సరిగ్గా వాడగలిగినవాళ్లు, మూడొందలు బట్టీ పట్టినవాళ్లకన్నా ఇంటర్వ్యూలో ధైర్యంగా మాట్లాడతారు.

ఇక నేను మాట్లాడింది చాలు. ‘టేక్ ఆఫ్టర్’ అంటే ఇంట్లో పెద్దల పోలిక రావడం, ముక్కైనా సరే, కోపమైనా సరే. మీ ఇంట్లో ఎవరికి ఎవరి పోలిక వచ్చిందో ఒక్కొక్కరు ఇంగ్లిష్‌లో ఒక వాక్యం చెప్పండి. ముందు వరుస నుంచి మొదలుపెడదాం. చెప్పమ్మా, మైకు తీసుకో.