పాట లేని పడవ

అందరికీ నమస్కారం.

తెడ్డు అనగానే మనకు హైలెస్సా గుర్తొస్తుంది. మన ఊహలో పాటా పడవా కలిసే సాగుతాయి. అమెరికా కాలేజీల పందెం పడవలో పాట ఉండదు. ఎనిమిది మంది నోరు మెదపకుండా తెడ్లు వేస్తారు. మాట్లాడేది తొమ్మిదో మనిషి ఒక్కడే. అతణ్ని కాక్స్ అంటారు, చుక్కాని అతనిదే. మిగతా ఎనిమిది మందీ వెళ్లవలసిన వైపు వీపు పెట్టి కూర్చుంటారు కాబట్టి, ముందు ఏముందో కనిపించేది కూడా అతనికే.

రాక్ సంగీతం తిరుగుబాటుదనీ, పడవ పందెం పెద్దింటి పిల్లల ఆట అనీ ఒక లెక్క ఉంది. పెద్దింటిదన్న మాట అబద్ధమేమీ కాదు. 1852లో న్యూహాంప్‌షైర్‌లోని విన్నిపసాకీ సరస్సు మీద హార్వర్డ్, యేల్ జట్లు తలపడ్డాయి. అమెరికాలో రెండు కాలేజీల మధ్య జరిగిన తొలి క్రీడాపోటీ అదే. దానికి ఖర్చు పెట్టుకున్నది ఒక రైలు కంపెనీ. పందెం చూడడానికి జనం టికెట్లు కొని రైలెక్కుతారని వాళ్ల ఆశ. టికెట్ల బేరంతో మొదలైన ఆటకు తర్వాత అంత పెద్దరికం ఎలా అబ్బిందో మరి!

సంగీతంతో దీనికి చుట్టరికం లయ దగ్గర ఉంది. తెడ్డు నీళ్లలో దించడం, కాళ్లతో తన్ని లాగడం, పైకి తీయడం, మళ్లీ ముందుకు జరగడం. సాధనలో లాగడం చురుగ్గా, ముందుకు జరగడం తాపీగా ఉంటుంది. కొత్తవాళ్లు చెడగొట్టేది ఈ రెండో భాగాన్నే. తొందరపడి ముందుకు దూకితే, పరుగెడుతున్న పడవను వెనక్కి తన్నినట్టే అవుతుంది. మంచి డ్రమ్మర్‌ను గమనించండి, దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎంత ఆగాలో అతనికి తెలుసు. ఎనిమిది మందికీ ఆ ఆగడం ఒకేసారి కుదిరితే పడవ తేలికైపోతుంది, అడుగున నీటి బుడగల గలగల వినిపిస్తుంది. ఆ స్థితిని వాళ్లు స్వింగ్ అంటారు. సంగీతం నుంచి తెచ్చుకున్న మాటలాగే ఉంది కదా.

ఒడ్డు మీద మాత్రం రాక్ మోగుతుంది. ఒడ్డు మీదే తెడ్డు సాధన చేయడానికి ఎర్గ్ అనే యంత్రం ఉంటుంది. పిడి పట్టుకుని గొలుసు లాగితే చక్రం తిరుగుతుంది, తెర మీద అంకెలు మారుతుంటాయి. 2000 మీటర్ల పరీక్ష రోజున ఆ గదిలో స్పీకర్లు దద్దరిల్లుతాయి. నిమిషానికి 120 దరువుల పాట పెట్టుకుని నిమిషానికి 30 సార్లు లాగితే, ఒక్కో లాగుడుకు సరిగ్గా నాలుగు దరువులు పడతాయి. నేనూ ఒకసారి ప్రయత్నించాను. 500 మీటర్లు దాటేసరికి పాట ఏదో కూడా వినిపించలేదు.

ఇక 1968. ఆ ఏడాది అమెరికా తరఫున మెక్సికో ఒలింపిక్స్‌కు వెళ్లిన ఎనిమిది తెడ్ల పడవ హార్వర్డ్ విద్యార్థులది. కోచ్ హ్యారీ పార్కర్ పెద్దగా మాట్లాడని మనిషి. నల్లజాతి క్రీడాకారుల హక్కుల కోసం హ్యారీ ఎడ్వర్డ్స్ నడుపుతున్న ఉద్యమానికి ఆ జట్టులో చాలామంది బాహాటంగా మద్దతు పలికారు, తోటి ఒలింపిక్ క్రీడాకారులకు ఉత్తరాలు రాశారు. అందరూ తెల్లవాళ్లే. అక్టోబర్ 16న 200 మీటర్ల పరుగు ముగిశాక పతకాల వేదిక మీద అమెరికా నల్లజాతి పరుగువీరులు టామీ స్మిత్, జాన్ కార్లోస్ నిరసనగా పిడికిళ్లెత్తిన ఫొటో మీరంతా చూసే ఉంటారు. అందులో మూడో మనిషి, ఆస్ట్రేలియాకు చెందిన పీటర్ నార్మన్, గుండె మీద ఆ ఉద్యమం బ్యాడ్జి ఉంటుంది. అది హార్వర్డ్ పడవ కాక్స్ పాల్ హాఫ్‌మన్‌ది. నార్మన్ అడిగితే హాఫ్‌మన్ తన బ్యాడ్జి తీసి ఇచ్చేశాడు. దానికి ఫలితంగా సరిగ్గా ఫైనల్‌కు ముందు అమెరికా ఒలింపిక్ కమిటీ ముందు నిలబడి సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది. చివరికి పడవెక్కనిచ్చారు. ఫైనల్లో వాళ్లది ఆరో స్థానం, అంటే ఆఖరిది.

మరుసటి ఏడాది ఆగస్టులో వుడ్‌స్టాక్ అనే రాక్ సంగీతోత్సవానికి ఒక పొలంలో లక్షల మంది చేరారు. యువతరం అనగానే పుస్తకాలు ఆ పొలాన్నే చూపిస్తాయి. నాకు రాక్ అంటే చిన్నచూపు లేదు, ఆ రికార్డులు ఇప్పటికీ వింటాను. కానీ ఆ బురదలో పాట విన్నందుకు ఏ కమిటీ ఎవరినీ పిలిచి నిలదీయలేదు. హాఫ్‌మన్ విషయంలో నష్టపోవడానికి ఏళ్ల సాధన ఉంది, అతని ఒక్కడిదే కాదు, పడవలోని ఎనిమిది మందిది కూడా.

యేల్ పడవ జట్టు అమ్మాయిల సంగతి కూడా చెప్పి ముగిస్తాను. సాధన అయ్యాక మగపిల్లలు వేడినీళ్ల స్నానం చేసి వచ్చేదాకా ఆడపిల్లలు తడిబట్టలతో బస్సులో వణుకుతూ కూర్చునేవారు. పడవల షెడ్డులో వాళ్లకు స్నానాల గది లేదు. 1976 మార్చి 3న కెప్టెన్ క్రిస్ ఎర్నెస్ట్‌తో కలిసి 19 మంది యూనివర్సిటీ క్రీడావిభాగంలోని ఒక అధికారి గదిలోకి వెళ్లి, చొక్కాలు విప్పి నిలబడ్డారు. ఒంటి మీద నీలిరంగుతో టైటిల్ నైన్ అని రాసుకున్నారు. చదువులో ఆడా మగా తేడా చూపకూడదన్న 1972 నాటి చట్టం పేరు అది. ఎర్నెస్ట్ తాము రాసుకొచ్చిన ప్రకటన చదివింది. పత్రికలవాళ్లను ముందే వెంటబెట్టుకు వెళ్లారు, ఆ తెలివి చూడండి. వార్త దేశమంతా పాకింది.

స్నానాల గదులు కట్టించారు. ఇక మీ ప్రశ్నలు అడగండి.